ఈశాన్యపు మూల తెల్లగుడ్డ

వర్జీనియాలోని షాంటిలీలో మనవాళ్ళెవరైనా కొత్తగా కలిస్తే ముందు ఊరు అడుగుతారు, ఆ వెంటనే "ఏ టెక్నాలజీ అండీ?" అని అడుగుతారు. శేషగిరి గారిని అడిగితే ఆయన మీసాల చాటున నవ్వి, "నిలబడే టెక్నాలజీ అండీ. ఎండలో కర్ర పట్టుకుని నిలబడతాను. ఇంతవరకూ వెర్షన్ మారలేదు" అనేవారు. అడిగినాయన కూడా నవ్వేవాడు గానీ, ఆపైన మాట పొడిగించేవాడు కాదు.

ఆయనది తెనాలి దగ్గర పల్లె. సర్వే శాఖలో గొలుసు లాగే పనిలో చేరి, ఇరవై ఏళ్ళపాటు గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాల గట్లన్నీ తొక్కారు. అక్కగారు వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ పదకొండేళ్ళు నాని, నలభై ఆరో ఏట, 2003లో, భార్య లీలావతి గారితో వర్జీనియా వచ్చారు. మేనల్లుడు ఆయన్ని ఒక సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించాడు. మూడు వారాలు ఓపిక పట్టి, "బాబూ, ఈ గదిలో కూర్చుంటే నాకు దిక్కు తెలియడం లేదు" అని లేచి వచ్చేశారు. వేళాకోళానికి అన్న మాట కాదది. ఎక్కడికి వెళ్ళినా ముందు ఉత్తరం ఎటో చూసుకుని గానీ కూర్చోని మనిషి ఆయన. చివరికి మ్యాపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కొలతల పని దొరికింది. లీలావతి గారు స్కూల్ కెఫెటేరియాలో చేరారు.

ఉపగ్రహం ఫోటో తీసేది సరిగ్గా నెత్తి మీద నిలబడి కాదు, పక్కనుంచి వాలుగా చూసి. అందుకని ఫోటోలో గుట్టలు ఒరుగుతాయి, పల్లాలు జారతాయి, రోడ్డు ఉండాల్సిన చోట ఉండదు. ఆ వంకర తీసి మ్యాపులా చదునుగా పరవడం ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళ పని. దానికి నేల మీద ఆధారం కావాలి. కొన్ని గుర్తులు ఎంచుకుని, ఒక్కొక్కటి భూమ్మీద ఎక్కడ ఉందో, ఎంత ఎత్తున ఉందో జీపీఎస్‌తో కొలిచి ఇస్తే, ఫోటోలో అదే గుర్తును పట్టుకుని ఆ చోటికి లాగి కూర్చోబెడతారు. వాటిని కంట్రోల్ పాయింట్లు అంటారు. ఆ కొలిచి ఇచ్చేది శేషగిరి గారు.

ఈ సంగతి లీలావతి గారు ఇంకా తేలిగ్గా చెప్పేవారు. "మేడ మీద వడియాలకి పాత పంచె పరుస్తాం కదండీ, గాలికి లేవకుండా రాళ్ళు పెడతాం. ఒక్క రాయి తప్పుచోట పెడితే పంచె అంతా ముడతలే. మావారిది ఆ రాళ్ళు పెట్టే ఉద్యోగం."

2009 జూన్‌లో కంపెనీకి కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, వారి పని ఒకటి వచ్చింది. గట్టి వాన కురిస్తే ఏ వాగు ఎంతవరకు పొంగుతుందో చూపించే మ్యాపు. దానికి ఇరవై రెండు పాయింట్లు కావాలి. రోడ్ల కూడళ్ళు, టెన్నిస్ కోర్టుల మూలలు, పార్కింగ్ గీతల చివర్లు కలిపి ఇరవై ఒకటి తేలిగ్గానే దొరికాయి. పడమటి కొసన మాత్రం చెట్లూ గడ్డీ తప్ప ఫోటోలో పదునుగా కనిపించే వస్తువే లేదు. అక్కడ తెలిసిన చోటు ఒక్కటే, మన గుడి స్థలం.

గుడి అంటే అప్పటికి గుడి లేదు. తొమ్మిది ఎకరాల గడ్డినేల, మధ్యలో ఒక పాత చెక్క ఇల్లు. ఆ ఇంట్లో స్వామివారి పటాలు పెట్టుకుని శనివారాలు అర్చన, గురువారాలు పెద్దవాళ్ళ సహస్రనామ పారాయణ. స్థలానికి తూర్పు హద్దులో ఒక వాగు పారేది. కమిటీ ప్రెసిడెంట్ శ్యామ్‌సుందర్ గారు ఫోన్‌లోనే, "దానికేముందండీ, మన స్థలమే కదా, కొలుచుకోండి" అన్నారు.

ఒక శనివారం ఉదయం శేషగిరి గారు అక్కడ, ఈశాన్యపు వైపు, చెట్ల నీడ పడని చోటు చూసుకుని ఒక ఇనుప కడ్డీ నేల మట్టానికి దిగగొట్టారు. దాని తలకి గులాబీరంగు రిబ్బన్ పీలిక కట్టారు. దాని మీదుగా ఇరవై అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న తెల్ల ప్లాస్టిక్ గుడ్డలు రెండు అడ్డంగా, నిలువుగా, నడుమ చిల్లులోంచి కడ్డీ తల కనపడేలా పరిచి, కొసల్లో రాళ్ళు పెట్టారు. ఆకాశంలోంచి కనపడాలంటే ఆ మాత్రం పెద్దది ఉండాలి. నడిమిన జీపీఎస్ నిలబెట్టి ఆన్ చేశారు. అది పదిహేడో పాయింటు.

యంత్రం గంటసేపు లెక్క తీసుకోవాలి. అంతసేపూ మనిషి దాని పక్కనే ఉండాలి. అది కంపెనీ రూలు. పన్నెండూ పదికి గంట అయిపోయింది. ఆయన ఫారం నింపి, సంతకం పెట్టి, యంత్రం ఆపబోతుండగా లోపల హారతి గంట మోగింది. చెప్పులు విప్పి గబగబా వెళ్ళారు. హారతి తరువాత పులిహోర పెట్టారు. తిరిగి వచ్చి యంత్రం ఆపేసరికి పన్నెండూ యాభై రెండు.

తరువాత పన్నెండు రోజులూ మబ్బులే. పదమూడో రోజునో పద్నాలుగో రోజునో ఆకాశం తేటపడ్డాక ఉపగ్రహం ఫోటో తీసింది. వేరే పని మీద అటు వెళ్ళిన కంపెనీ కుర్రవాళ్ళు ఆ గుడ్డలు చుట్టి ఆఫీసులో పడేశారు.

ఇంకో వారం గడిచాక, సోమవారం నాడు ఇషా ఆయన్ని తన సీటు దగ్గరికి పిలిచింది.

ఇషా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. ఫోటోల వంకర తీసే పని ఆమెది. గుడిలో కనిపిస్తే "నమస్తే అంకుల్" అంటుంది. ఆఫీసులో అందరూ పిలిచినట్టే "శేష్" అంటుంది. ఆయనేమీ అనుకునేవారు కాదు. రోజూ మధ్యాహ్నం ఆయన ఎండనపడి రాగానే ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళ సీసా తీసి చేతికిచ్చేది కూడా ఆ పిల్లే.

"శేష్, పాయింట్ సెవెంటీన్ చూడండి. అన్నీ హాఫ్ మీటర్ లోపల ఉన్నాయి. ఇది ఒక్కటి ఫోర్ మీటర్స్ తేడా."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. స్క్రీన్ మీద గడ్డిలో తెల్లటి గుర్తు చక్కగా కనిపిస్తోంది.

"క్లిక్ సరిగ్గా నడిమినే పెట్టారామ్మా?"

"ఫైవ్ టైమ్స్ పెట్టాను."

"ఎత్తు సంగతి? సముద్రమట్టం నుంచి తీసుకోకుండా, జీపీఎస్ ఎత్తు వేరుగా ఉంటుంది, అదే వేస్తే..."

"అది కూడా చెక్ చేశాను. అలా అయితే అన్నీ తప్పు రావాలి కదా." ఇషా ఒక కాగితం తీసింది. "మీ ఫారంలో ట్వెల్వ్ టెన్ అని ఉంది. జీపీఎస్ ఫైల్‌లో ట్వెల్వ్ ఫిఫ్టీటూ. ఫార్టీటూ మినిట్స్ మీరు ఎక్కడున్నారు?"

పులిహోర తిన్నానని చెబితే అయిపోయేది. కానీ యంత్రాన్ని వదిలి వెళ్ళడం తప్పని ఆయనకి తెలుసు. "కార్‌లో కూర్చున్నానమ్మా" అన్నారు.

ఇషా ఆయన ముఖంలోకి చూసి, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగింది. "మీరు ఆ టెంపుల్ మెంబరే కదా?"

"అవును. మీ అమ్మానాన్నా కూడా మెంబర్లే."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను." ఆమె మౌస్ కదిపింది. "మీ నంబర్ వాడితే ఈ సైడ్ అంతా ఫోర్ మీటర్స్ ఈస్ట్‌కి జరుగుతుంది. క్రీక్ కూడా. ఆ వాగు టెంపుల్ లాండ్ నుంచి దూరం పోతుంది. వాటర్ వచ్చే చోట కట్టనివ్వరు కదా, దూరమైతే పార్కింగ్‌కి పర్మిట్ ఈజీగా వస్తుంది. మీకు తెలీదా?"

ఆయనకి నిజంగానే తెలియదు.

మేనేజర్ గ్లెన్ పిలిచి నెమ్మదిగానే మాట్లాడాడు. చెడ్డ పాయింటు ఒకటి తీసి పారేసి ముందుకు పోవచ్చు. కానీ పడమటి వైపు ఉన్నది అదొక్కటే. అది తీసేస్తే ఫోటో ఆ కొస గాలికి వదిలేసినట్టే. అంతకుమించి ఇంకో సంగతి ఉంది. నిరుడు ఒకతను కార్ దిగకుండానే ఫారాలు నింపాడని తేలి, అతని పాయింట్లన్నీ పారేశారు, అతన్నీ పంపేశారు. "శుక్రవారం లోపల ఇది ఎందుకిలా వచ్చిందో తెలియాలి. లేకపోతే ఇరవై రెండూ వేరేవాళ్ళ చేత మళ్ళీ కొలిపించాలి. అప్పుడు మనం నీ గురించి మాట్లాడుకోవాలి" అన్నాడు. ఎక్కడ చూసినా మనుషుల్ని తీసేస్తున్న ఏడు అది. యాభై రెండేళ్ళ వయసులో, అబద్ధపు కొలత ఇచ్చాడన్న మచ్చతో, ఆయనకి ఇంకో చోట కర్ర ఇచ్చేవారెవరు?

ఆ సాయంత్రం లీలావతి గారు కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

"ఆ పిల్ల క్లిక్కే తప్పేమో?"

"అయిదుసార్లు పెట్టిందట."

"ఆ పిల్ల చెప్పింది, మీరు నమ్మారు. మీరు చెబితే ఆ పిల్ల నమ్మిందా?"

"నేను అబద్ధం చెప్పాగా. కార్‌లో కూర్చున్నానన్నా."

లీలావతి గారు మజ్జిగ పోసి, "రేపు వెళ్ళి చూసి రండి. మీకు నేల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఎప్పుడూ లేదుగా" అన్నారు.

ఆ మాట నిజమే. మన ఊళ్ళలో సర్వే రాళ్ళు నడుస్తాయి. పొలం కొలవడానికి వెళ్తే ఇటు రైతు "అటువాడు రాయి జరిపాడు" అంటాడు, అటు రైతు "వీడే జరిపాడు" అంటాడు. అందుకని ఆ శాఖలో పాతవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. రాయి పాతగానే, కదలని వస్తువు నుంచి, బావి గట్టో గుడి మెట్టో, అక్కడి నుంచి రాయికి ఎన్ని అడుగులో చిన్న పుస్తకంలో రాసుకుంటారు. కంపెనీ ఫారంలో దానికి గడి లేదు. అయినా శేషగిరి గారి చొక్కా జేబులో ఆ పుస్తకం ఉండేది, తెలుగులో రాసుకున్నది. పదిహేడో పాయింటు దగ్గర "ఇంటి వెనక మెట్టు కొస నుంచి 61 అడుగులు, చేతిపంపు నుంచి 44" అని ఉంది.

మంగళవారం ఆయన టేపూ జీపీఎస్సూ తీసుకుని వెళ్ళారు. మెట్టు నుంచి అరవై ఒకటి. పంపు నుంచి నలభై నాలుగు. ఇనుప కడ్డీ ఉన్నచోటే ఉంది, జానెడు కూడా కదలలేదు. ఈసారి గంటసేపూ పక్కనే నిలబడి మళ్ళీ కొలిచారు. పాత నంబరే వచ్చింది.

తన కొలత తప్పు కాదన్న నిమ్మళం ఎంతోసేపు నిలవలేదు. కడ్డీ కదలకుండా ఫోటోలో గుడ్డ నాలుగు మీటర్లు పడమట ఉందంటే, ఎవరో గుడ్డను జరిపారన్నమాటే. ఎవరు? గాలి కాదు, గాలికి లేచిన గుడ్డ అంత చక్కగా మళ్ళీ పరుచుకోదు. ఆయన వంగి రిబ్బన్‌ని వేళ్ళతో తిప్పి చూశారు. గులాబీరంగు పీలిక ఒక పక్క పచ్చబడి ఉంది. గోటితో గీసి వాసన చూశారు. పసుపు.

అంటే గుడివాళ్ళే.

వాగు దూరం జరిగితే ఎవరికి లాభం? పార్కింగ్ పర్మిట్ కోసం ఆరు నెలలుగా తిరుగుతున్నది ఎవరు? అక్కడే మెట్టు మీద కూర్చుని శ్యామ్‌సుందర్ గారికి ఫోన్ చేశారు.

"శ్యామ్ గారూ, నేను పరిచిన తెల్లగుడ్డ మీరేమన్నా కదిలించారా?"

"నేనా? నాకేం పనండీ గుడ్డతో?"

"మీరు కాకపోతే మీవాళ్ళెవరైనా?"

"ఏంటండీ ఆ అడగడం? మీరు కొలవడానికి జాగా ఇవ్వడమే తప్పయిందా? ఆఫీస్‌లో ఇంపార్టెంట్ మీటింగ్ ఉంది, తర్వాత మాట్లాడదాం." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించారు. "ఏదన్నా ఉంటే టెంపుల్ పేరు మాత్రం రిపోర్ట్‌లో రానీయకండి. పర్మిట్ దగ్గరపడింది."

ఏ సంబంధం లేనివాడైతే ఆ మాట ఎందుకంటాడు అనుకున్నారు శేషగిరి గారు. బుధవారమంతా ఆ అనుమానాన్నే నములుతూ కూర్చున్నారు. ఇషా ఆయన్ని అనుమానిస్తోంది, ఆయన శ్యామ్‌సుందర్ గారిని అనుమానిస్తున్నారు, శ్యామ్‌సుందర్ గారు ఈయనెక్కడ గుడికి అడ్డం పడతాడోనని అనుమానిస్తున్నారు. ఆరోజు మధ్యాహ్నం కూడా ఆయన బల్ల మీద నీళ్ళ సీసా ఉంది. ఇషా చేతికివ్వలేదు గానీ, పెట్టడం మానలేదు. దేవుడు మనుషుల్లో ఎక్కడెక్కడ దాక్కుంటాడో చెప్పలేం.

గురువారం సగం రోజు సెలవు పెట్టి గుడి స్థలానికి వెళ్ళారు. పెద్దవాళ్ళ పారాయణ ఆ రోజే. ఎవరు ఎటు తిరుగుతారో దూరం నుంచి చూద్దామని కార్‌లోనే కూర్చున్నారు. కార్‌లో కూర్చున్నానని అబద్ధమాడినందుకు ఇప్పుడు నిజంగానే కూర్చోబెట్టావా స్వామీ అనుకున్నారట.

పారాయణ మొదలుకాక ముందే ఒక పెద్దావిడ చేతిలో చెంబు, చీపురు పట్టుకుని ఇంటి వెనక నుంచి వచ్చింది. కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు, పైన నేతచీర, దాని మీద కూతురి స్వెటర్. తిన్నగా ఈశాన్యపు మూలకి వెళ్ళి, బూట్లు దూరంగా విడిచి, కడ్డీ చుట్టూ ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వెయ్యడం మొదలుపెట్టింది.

ఆవిడ కోటమ్మ గారు. చీరాల వైపు మనిషి. షాంటిలీలో కూతురు జయంతి ఇంట్లో ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. శేషగిరి గారు కార్ దిగి నెమ్మదిగా దగ్గరికి వెళ్ళారు.

"నమస్కారం పిన్నిగారూ. ఇక్కడ ముగ్గెందుకండీ?"

"చెప్పులు, చెప్పులు! అక్కడే విడిచి రా నాయనా." ఆయన విడిచి వచ్చాక గొంతు తగ్గించింది. "ఇది ఈశాన్యం కదా. నిరుడు భూమిపూజ చేసి నవధాన్యాల కుండ పాతిపెట్టింది ఇక్కడేనట. దాని మీద ఎవడో ఏదో చేసి పోయాడు."

"ఏం చేశాడండీ?"

"ఏం చెప్పమంటావు! ఒక గురువారం వానకి రాలేదు, ఆ పైవారం, అంటే రెండు వారాల కిందట గురువారం నాడు వచ్చి చూద్దును కదా, తెల్లగుడ్డలు ఇట్టా అడ్డంగా పరిచి, నాలుగు కొసల రాళ్ళు పెట్టి, నట్టనడుమ ఇనప మేకు దిగగొట్టి, మేక్కి ఎర్రగుడ్డ పీలిక! నా గుండె జారిపోయిందనుకో. దేశం కాని దేశంలో కూడా ఈ చేతబళ్ళేంటి తల్లీ అనుకున్నా."

శేషగిరి గారు నేల మీది కడ్డీ వంక చూశారు.

"మాతో వచ్చిన రాధారాణమ్మ ఉందే, ఆవిడ 'ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోకి పోదాం రండి' అంది. నేను ఊరుకుంటానా? మేకు పీకుదామంటే ఊడి చావలా. దానికి పసుపూ కుంకం పెట్టి, నిమ్మకాయ కోసి, నరసింహస్వామిని తల్చుకున్నా. గుడ్డని మాత్రం నలుగురం నాలుగు కొసలు పట్టుకుని పడమటికి జరిపాం."

"పారెయ్యలేదా పిన్నిగారూ?"

"అయ్యో, పారెయ్యడానికి మనదా? ఒకవేళ చేతబడి కాక ఎవరన్నా దేనికన్నా పరుచుకున్నారేమో, పాపం వచ్చి వెతుక్కుంటారు కదా. అందుకని ఎట్టా ఉన్నది అట్టాగే, అంగుళం తేడా రాకుండా పరిపించి, ఆ రాళ్ళే మళ్ళీ పెట్టించా. గుడ్డ మీద మట్టి కూడా తుడిపించా."

ఆయన గడ్డిలో అలాగే చతికిలబడ్డారు. నవ్వు వస్తోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కోటమ్మ గారు కంగారుపడింది.

"ఏంది నాయనా, నీరసమా? నీళ్ళు తాగుతావా?"

"ఆ చేతబడి చేసింది నేనేనండీ."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన అంతా చెప్పారు. ఉపగ్రహం, ఫోటో, వడియాల పంచె, రాయి. ఆవిడ విని, విని, చివరికి ఒకే ఒక్క మాట పట్టుకుంది.

"అయితే నీ ఉద్యోగం పోతదా?"

"రేపు తెలుస్తుంది."

"నా వల్లనా?" ఆవిడ చెంబు కింద పెట్టేసింది. "గవర్నమెంటు వాళ్ళది కదిలించానా? పోలీసులొస్తారా? మా అమ్మాయికి, అల్లుడికి ఏదన్నా అవుద్దా? వీసాలో రాస్తారా?"

"ఎవరూ రారు. మీ పేరు నా నోట రాదు. మీరు ముగ్గు వేసుకోండి."

ఆ మాట ఇచ్చేశాక ఆయనకి తట్టింది, జరిపింది ఎవరో చెప్పకుండా జరిగిందని ఎలా నమ్మించడం? మీ గుడి కోసం మీరే కల్పించారు అంటారు. గడ్డిలో కూర్చుని నేల వంక చూస్తూ ఉండిపోయారు. కడ్డీ చుట్టూ గడ్డి కొత్తగా, లేత పచ్చగా మొలుస్తోంది. ఆ లేత పచ్చదనం ఎక్కడిదాకా ఉందో చూపుతో పట్టి నడిచారు. ఇరవై అడుగులు ఇటు, ఇరవై అడుగులు అటు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. పన్నెండు రోజులు గుడ్డ కింద ఎండిపోయిన గడ్డి ఇప్పుడు మళ్ళీ చిగురిస్తోంది. ఫోటో తీసిన నాటికి అది ఎండి పాలిపోయి ఉండాలి.

శుక్రవారం ఉదయం గ్లెన్ గదికి వెళ్ళేముందు ఆయన ఇషా దగ్గర ఆగారు.

"అమ్మా, ముందు ఒక సంగతి. ఆ నలభై రెండు నిమిషాలు నేను కార్‌లో లేను. హారతికి వెళ్ళాను, పులిహోర తిన్నాను. యంత్రాన్ని వదిలేశాను. మొన్న నీకు అబద్ధం చెప్పాను."

ఇషా రెప్ప వెయ్యకుండా చూసింది. "పులిహోర?"

"రెండుసార్లు పెట్టించుకున్నా. అది గ్లెన్‌కి కూడా చెబుతాను. ఇప్పుడు ఒక్క పని చేసి పెట్టు. ఆ తెల్ల గుర్తుకి తూర్పున పదమూడు అడుగుల అవతల గడ్డి చూడు."

"అక్కడ ఏమీ లేదు. నేను చూశాను."

"వెలుగునీడల తేడా పెంచి చూడమ్మా."

అనుమానంగానే ఆమె కాంట్రాస్ట్ పెంచింది. ఏమీ లేదు. ఇంకా పెంచింది. బూడిదరంగు గడ్డిలో, తెల్ల గుర్తు పక్కన, పొగమంచులో నిలబడ్డ మనిషిలా ఇంకో గుర్తు పైకి తేలింది. అదే కొలత, అదే ఆకారం. ఇషా కుర్చీ ముందుకి లాక్కుంది. దాని నడిమిన క్లిక్ పెట్టి, ఆయన ఇచ్చిన నంబర్‌తో మళ్ళీ లెక్క నడిపింది.

నాలుగు మీటర్ల తేడా పోయి నలభై సెంటీమీటర్లు వచ్చింది.

ఆమె తరువాత పుస్తకంలోని అరవై ఒకటీ నలభై నాలుగూ అడిగి తీసుకుని, ఫోటోలో మెట్టు నుంచీ పంపు నుంచీ కొలిచింది. అవీ ఆ పాలిపోయిన గుర్తుకే సరిపోయాయి.

"సారీ అంకుల్" అంది. ఆఫీసులో ఆ పిలుపు అదే మొదటిసారి.

"ఎందుకమ్మా సారీ? నువ్వు గట్టిగా అడగబట్టే కదా నేను వెళ్ళి చూసింది. అడగకుండా తీసి పారేసి ఉంటే అబద్ధం కింద మిగిలిపోయేవాణ్ణి."

గ్లెన్ రెండు గుర్తుల్నీ చాలాసేపు చూశాడు. "ఎవరు జరిపారు?"

"నాకు తెలుసు. చెప్పను. వాళ్ళు చెడు తలపుతో చెయ్యలేదు. గుడ్డ దేనికో రాసిన బోర్డు ఒకటి నేను అక్కడ పెట్టి ఉంటే వాళ్ళు ముట్టుకునేవారే కాదు. ఆ తప్పు నాది. యంత్రాన్ని వదిలి వెళ్ళిన తప్పూ నాదే."

గ్లెన్ ఇషా వైపు చూశాడు. ఇషా, "వాళ్ళెవరో మనకి అక్కర్లేదు, కొలత సరిపోయింది" అంది ఇంగ్లీషులో. ఇరవై రెండు పాయింట్లూ నిలిచాయి. శేషగిరి గారి ఉద్యోగమూ నిలిచింది. యంత్రాన్ని వదిలినందుకు మాత్రం ఆయన ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. దాని మీద సంతకం పెట్టినప్పుడు మనసు తేలికపడిందని ఆయనే చెప్పారు.

అయితే కథ అందరికీ అంత బాగా ముగియలేదు. మ్యాపులో వాగు తన చోటికి తాను తిరిగి వచ్చేసింది. గుడి పార్కింగ్‌లో తూర్పువైపు రెండు వరుసలు వదులుకోవలసి వచ్చింది. శ్యామ్‌సుందర్ గారు నెలల తరబడి శేషగిరి గారితో ముక్తసరిగా మాట్లాడారు. ఎవరికైనా కార్ పెట్టే చోటు దొరక్కపోతే, "శేషగిరి గారిని అడగండి, ఆయన కొలిచిందే" అనేవారు. శేషగిరి గారు కూడా ఆయన్ని ఫోన్‌లో అనుమానించినందుకు క్షమించమని ఒకసారి అడిగారు. "సరేలెండి" అన్నారట ఆయన. అంతకన్నా ఎక్కువ అనలేదు.

కోటమ్మ గారు తిరిగి ఇండియా వెళ్ళే ముందు, జయంతి చేత కార్ నడిపించుకుని, సున్నుండల డబ్బాతో శేషగిరి గారింటికి వచ్చింది. లీలావతి గారితో చాలాసేపు మాట్లాడింది. గుమ్మం దాటబోతూ ఆగి, ఇంకా తీరని అనుమానం ఒకటి ఆయన్ని అడిగింది.

"అది కాదు నాయనా, అంత పైనుంచి అంతా చూడగలిగినవాడికి కింద మేకుతో పనేమిటి?"

"పైనుంచి అంతా కనపడుతుంది పిన్నిగారూ. ఏది ఎక్కడుందో మాత్రం కింద నిలబడ్డవాళ్ళే చెప్పాలి."

ఆవిడ తల ఊపింది. పూర్తిగా నమ్మినట్టు మాత్రం లేదు. కార్ ఎక్కాక అద్దం దించి, "ఏదైనా నిమ్మకాయ కోయడం మంచిదైంది. లేకపోతే నీ ఉద్యోగం నిలబడేది కాదు" అంది.

శేషగిరి గారు కాదనలేదు. చేతులు జోడించి, కార్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు.